ఎల్క్ వేటకు వెళ్లే ముందు: కొమ్ముల లెక్క

ఎల్క్ అంటే పెద్ద జాతి జింక. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లైసెన్సు ఉన్నంత మాత్రాన కనిపించిన ప్రతి మగ ఎల్క్‌నూ కాల్చకూడదు. మీ వేట ప్రాంతంలో, అంటే మీ యూనిట్‌లో కొమ్ముల నియమం ఉందో లేదో ఆ ఏడాది రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ బ్రోచర్‌లో చూసుకోండి.

• నియమం ఉన్నచోట ఒక కొమ్ముకైనా కనీసం నాలుగు పాయలు (కొమ్ము నుంచి చీలిన మొనలు) ఉండాలి. లేదా నుదుటి దగ్గర ముందుకు వచ్చే మొదటి పాయ 5 అంగుళాలైనా ఉండాలి. అంగుళం కూడా లేని మొలకను లెక్కపెట్టకండి.

• బైనాక్యులర్‌తోనే లెక్కపెట్టండి. తుపాకీ స్కోప్‌తో వెతకొద్దు, అటువైపు మనిషి ఉండొచ్చు. ఎల్క్ తల తిప్పేదాకా ఆగండి. మసక వెలుతురులో వెనకున్న ఎండుకొమ్మ కూడా పాయలాగే కనిపిస్తుంది. టెన్షన్‌లో మూడు నాలుగైపోతాయి. ఏమాత్రం అనుమానమున్నా వదిలేయండి. కుర్ర మగవి ఇంకొన్నేళ్లు బతికి ఎదగాలనే ఈ నియమం పెట్టారు.

• రైఫిల్ సీజన్‌లో నడుముపైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, అదే రంగు టోపీ తప్పనిసరి.

• పెద్ద మగ ఎల్క్ 300 కిలోలుంటుంది. కాల్చేముందే ఆలోచించండి: రోడ్డు ఎంత దూరం, మోయడానికి ఎంతమంది ఉన్నారు? ఎండ కాస్తే మాంసం త్వరగా పాడవుతుంది.