నడుస్తున్న సర్వర్‌లో డిస్క్ మార్పిడి – 4వ భాగం: పాత డిస్క్‌ని ఖాళీ చేయడం

పోయిన భాగంలో లినక్స్‌లో డిస్క్‌లను నిర్వహించే ఎల్‌వీఎమ్‌తో వాల్యూమ్ గ్రూప్‌ని, అంటే కొన్ని డిస్క్‌లను కలిపిన ఉమ్మడి నిల్వని, పెంచడం చూశాం. ఈసారి దానికి ఎదురు పని. గ్రూప్‌లో ముసలిదైపోయిన డిస్క్ ఒకటి ఉంది, దాన్ని బయటికి తీయాలి. డేటాబేస్ మాత్రం ఆగకూడదు. (కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

మొదట కొత్త డిస్క్‌ని పీవీక్రియేట్‌తో సిద్ధం చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూప్‌లో చేర్చండి. ఇక్కడ చాలామంది ఒక చోట తడబడతారు. పాత డిస్క్ లాజికల్ బ్లాక్ (ఒకసారికి చదివే, రాసే కనీస ముక్క) 512 బైట్లు, కొత్తదానిది 4096 అయితే ఇప్పటి ఎల్‌వీఎమ్ చేర్చుకోనంటుంది. దాన్ని దాటే సెట్టింగ్ ఉంది కానీ, జోలికి వెళ్లకండి. 512 లెక్కతో తయారైన ఫైల్ సిస్టమ్ 4096 డిస్క్ మీదికి చేరాక మౌంట్ కాకపోవచ్చు, అంటే తెరుచుకోకపోవచ్చు.

అసలు పని పీవీమూవ్‌ది. పాత డిస్క్ పేరు ఇస్తే అందులోని ఎక్స్‌టెంట్లన్నీ (ఎల్‌వీఎమ్ డిస్క్‌ని విభజించే సమాన ముక్కలు) గ్రూప్‌లో ఖాళీ ఉన్న చోటికి తరలిస్తుంది. ఎటు వెళ్లాలో మనమే చెప్పాలంటే రెండో పేరుగా కొత్త డిస్క్‌ని ఇవ్వాలి. నేనైతే ఎప్పుడూ ఇస్తాను. లేకపోతే సగం డేటా ఇంకో పాత డిస్క్ మీద తేలుతుంది.

అప్లికేషన్ రాస్తూ ఉండగానే డేటా ఎలా కదులుతుంది? పీవీమూవ్ తాత్కాలికంగా ఒక మిర్రర్ కడుతుంది. కాపీ నడుస్తున్న భాగంలోకి కొత్తగా వచ్చే రాతలు పాత చోటుకీ కొత్త చోటుకీ కూడా చేరతాయి. రెండూ సమానమయ్యాక మ్యాప్‌ని కొత్త చోటుకి తిప్పి, మిర్రర్‌ని విప్పేస్తుంది. మామూలుగా ఎక్స్‌టెంట్ 4 ఎంఐబీ (మెబీబైట్లు), అంటే 200 జీఐబీ (గిబీబైట్ల) డిస్క్‌లో దాదాపు 51,200 ముక్కలు. స్క్రీన్ మీద శాతం నత్తలా పాకుతుంటే టెన్షన్ పడకండి. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ పీవీమూవ్ అని ఒక్క మాట కొడితే చివరి చెక్‌పాయింట్ నుంచి అందుకుంటుంది. వద్దనుకుంటే అబార్ట్ ఆప్షన్ ఉంది.

డిస్క్‌లో చదవలేని సెక్టార్లు ఉంటే మాత్రం పీవీమూవ్ ఆ దగ్గరే ఆగిపోతుంది. అందుకే మొదలుపెట్టే ముందే బ్యాకప్ తీసుకోండి. పైగా కాపీ సాగినంత సేపూ డిస్క్‌ల మీద భారం పెరుగుతుంది కాబట్టి రద్దీ తక్కువ ఉన్న వేళ చూసుకోండి.

పూర్తయ్యాక పీవీఎస్ కొట్టి పాత డిస్క్ వరుస చూడండి. మొత్తం సైజు, ఖాళీ సైజు రెండూ ఒకటే ఉండాలి. అప్పుడే వీజీరెడ్యూస్‌తో దాన్ని గ్రూప్‌లోంచి తీసేసి, ఆ తర్వాత పీవీరిమూవ్‌తో దాని మీది ఎల్‌వీఎమ్ గుర్తు చెరిపేయండి.

ఇక చేత్తో లాగే ఘట్టం. ఒకసారి నేను సిస్టమ్ డిస్క్‌కి ఇచ్చిన ఎస్‌డీబీ అన్న పేరు నమ్ముకుని డిస్క్ పీకాను. మధ్యలో రీబూట్ అయి పేర్లు మారాయని పీకాకే తెలిసింది. బయటికి వచ్చింది పనిచేస్తున్న డిస్క్! అప్పటి నుంచి ఎల్ఎస్‌బీఎల్‌కేలో (డిస్క్‌ల జాబితా చూపే కమాండ్) సీరియల్ నంబర్ చూసి, కాగితం మీద రాసుకుని, డిస్క్ లేబుల్‌తో అంకె అంకె సరిచూశాకే చెయ్యి పెడుతున్నాను.

అభ్యాసానికి అదనపు డిస్క్ అక్కర్లేదు. ట్రంకేట్‌తో 1 జీబీ ఫైళ్లు రెండు చేసి, లోసెటప్‌తో డిస్క్‌లుగా చూపించి, టెస్ట్ మెషీన్‌లో ఇదంతా ఒకసారి చేయండి. పీవీమూవ్ నడుస్తుండగా కంట్రోల్ సీ కొట్టి, మళ్లీ అందుకుంటుందో లేదో చూడండి. వచ్చే భాగంలో స్నాప్‌షాట్లు.