ట్యాంకు కిట్ కుదరనప్పుడు: లక్షణం, కారణం, సరిచేసే పద్ధతి

1/35 కొలతలో, అంటే నిజమైన దానికి ముప్పై అయిదో వంతు సైజులో, ప్లాస్టిక్ ట్యాంకులు కట్టేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఏ జిగురు మంచిదని. నా చేతికి వచ్చిన పాడైన మోడళ్ళలో చాలావాటికి జిగురుతో పేచీ లేదు. జిగురు పెట్టే ముందు ముక్కను ముక్కకు ఆనించి చూడకపోవడమే వాటి జబ్బు. తాళ్ళరేవు వైపు పడవలు కట్టే వడ్రంగి పలకకు మేకు కొట్టే ముందు ఎన్నిసార్లు పెట్టి, తీసి, చిత్రిక పట్టి, మళ్ళీ పెడతాడో చూడండి. ప్లాస్టిక్‌కూ ఆ ఓపికే కావాలి. కింద రాసినవన్నీ భీమవరంలో, ఇక్కడి ఉక్కలోనూ తేమలోనూ నేను చేసి చూసినవి.

పై హల్ కింది హల్ మీద కూర్చోదు

హల్ అంటే ట్యాంకు ఒళ్ళు, కిట్‌లో పై సగం, కింది సగంగా వస్తుంది. ముందు అంచు చక్కగా కలుస్తుంది. వెనక ఒక మూల మాత్రం మిల్లీమీటరు పైకి లేచి ఉంటుంది. వేలితో నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది.

చాలాసార్లు కారణం అతి చిన్నది. స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన చోట మొన మిగిలి ఉంటుంది, లేదా ముక్కను అచ్చులోంచి బయటికి నెట్టే పిన్ను లోపలి వైపు గుండ్రటి దిమ్మను వదిలి ఉంటుంది. గోటితో అంచంతా తడమండి, తగిలిన చోట బ్లేడుతో గీకండి. అప్పటికీ కూర్చోకపోతే లోపల మీరు అతికించిన ముక్కే ఏదో ఎత్తుగా ఉందని అనుమానించాలి. ఇంజను గది అడ్డుగోడ, చక్రాలను పట్టే సస్పెన్షన్ ఆర్ముల లోపలి కొసలు తరచుగా దొరికే దొంగలు. అనుమానం ఉన్న చోట్ల చిన్న చిన్న గోధుమపిండి ముద్దలు పెట్టి పై భాగం మూసి తీయండి. ఎక్కడి ముద్ద నలిగిందో అక్కడే అడ్డు ఉంది.

ఇవేవీ కాకపోతే హల్ మెలితిరిగింది. అచ్చులోంచి వేడిగా తీసిన ముక్కలో ఒక వైపు ముందుగా చల్లారితే వంపు వస్తుంది. మన మే నెల ఎండలో మూసిన వ్యానులో రోజంతా ఉన్న పెట్టెలోనూ వస్తుంది. కింది హల్‌ను అద్దం మీద పెట్టి మూలలు ఒక్కొక్కటిగా నొక్కండి. ఊగితే మెలి ఉన్నట్టే.

దీనికి వేడినీళ్ళే మందు. ఈ కిట్లు పాలీస్టైరీన్‌తో చేస్తారు. అది 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మెత్తబడుతుంది కాబట్టి మరుగుతున్న నీళ్ళలో ఎప్పుడూ వేయకండి, రివెట్ల వరసతో సహా రూపం చెడుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. పటకారుతో అర నిమిషం ముంచి, తీసి, గుడ్డతో పట్టుకుని మెలికకు ఎదురు దిశలో కొంచెం ఎక్కువగానే తిప్పి, అలాగే పట్టుకుని చన్నీళ్ళలో దించండి. ఒక్కసారితో కాదు, మూడు నాలుగు సార్లు పడుతుంది.

ఈ పని బద్ధకించి నేను ఒక సోవియట్ టీ-34 ట్యాంకు హల్‌ను బట్టల క్లిప్పులతో బలవంతంగా నొక్కి, అంచంతా సూపర్ గ్లూ పోశాను. రెండు నెలలకు రంగు వేసిన మోడల్ వెనక అతుకు దానంతట అదే పగిలి తెరుచుకుంది. సూపర్ గ్లూ గట్టిదే, కానీ పెళుసు. లాగుతూ ఉండే అతుకును ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. మోడల్ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. కొద్దిపాటి వంపైతే సిమెంటుతోనే ముందు నుంచి మొదలుపెట్టి ఒక్కో అంగుళం అతికిస్తూ, ప్రతి అంగుళానికీ ఒక రాత్రి ఆరనివ్వండి.

హల్ గోడలు విడివిడి పలకలుగా వచ్చే కిట్లలో తేడా పలక పలకకూ పెరుగుతూ పోయి చివరి మూలలో బయటపడుతుంది. మొత్తం పెట్టెను ముందు టేపుతో కట్టి చూడండి. లోపల కొలతకు కోసిన అడ్డుపలకలు రెండు పెడితే గోడలు నిటారుగా నిలుస్తాయి. పాత సీడీల గట్టి పారదర్శక పెట్టెలు చాలావరకు పాలీస్టైరీనే, మోడల్ సిమెంటుకు బాగా అతుకుతాయి.

పిన్ను రంధ్రంలో దిగింది, అంచులు మాత్రం కలవలేదు

ఈ చోట నాకు ఎలాంటి సందేహమూ లేదు: ముక్కను ముక్కకు కుదిర్చే ఆ పిన్నును కోసేయండి. పిన్ను తయారీదారు సౌకర్యానికి ఉన్న గుర్తు మాత్రమే. మోడల్ పూర్తయ్యాక కనిపించేది బయటి గీత. టరెట్ (ఫిరంగితో సహా తిరిగే పై భాగం) పై సగం, కింది సగం బయటి అంచులు కలిసేలా పట్టుకుని, చీలికలోకి పల్చటి సిమెంటును కుంచెతో తాకించండి, దానంతట అదే లోపలికి పాకుతుంది. పిన్ను అసలు దిగకపోతే రంధ్రం చుట్టూ పూతరేకులా పల్చటి పొర ఉందేమో చూసి గీకితే సరిపోతుంది.

చీలిక మిగిలింది

పూడ్చే ముందు అది ఉండవలసిన చీలికేనా అని చూడాలి. హాచ్ మూత చుట్టూ ఉన్న గీత, మడ్‌గార్డు రేకుల అతుకు నిజమైన ట్యాంకులోనూ ఉంటాయి. పలకల మధ్య వెల్డింగ్ గీత కూడా అంతే. దాన్ని పూడ్చి నున్నగా రుద్దితే ట్యాంకు సబ్బుబిళ్ళలా కనిపిస్తుంది. ఉండకూడనిదైతే, వెంట్రుకంత చీలికలో సిమెంటు పోసి గట్టిగా నొక్కి, పైకి ఉబికిన ప్లాస్టిక్‌ను మర్నాడు గీకండి. అంతకు మించితే స్ప్రూ ముక్కను మంటకు దూరంగా వేడి చేసి దారంలా సాగదీసి అందులో కూర్చండి. పెద్ద సందులకు ఎమ్‌సీల్ పనికొస్తుంది. ఆరాక కార్లకు రంగు వేసేవాళ్ళు వాడే వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి.

చక్రాలన్నీ నేలను తాకవు, చైను సరిపోదు

ఈ రెండూ వేరు జబ్బులలా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే. ఆర్ములు ఒకే కోణంలో నిలవలేదు. సూచనల కాగితం ఆర్ములను మొదటి మెట్టులోనే అతికించమంటుంది. అతికించండి, కానీ నెమ్మదిగా ఆరే సిమెంటుతో. వెంటనే చక్రాలు తాత్కాలికంగా తగిలించి, హల్‌ను అద్దం మీద, పొట్ట కింద ఒకే మందం ఉన్న రెండు చెక్కముక్కల మీద నిలపండి. కంటిని బల్ల ఎత్తుకు దించి చూస్తూ ప్రతి చక్రాన్నీ అద్దానికి తాకేలా జరిపి రాత్రంతా వదిలేయండి.

చైను గురించి నాకు నేర్పింది మా వైపు చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్. దాని ముందు చక్రాన్ని గ్రీజు గన్ను పెట్టి ముందుకు నెట్టి చైను బిగిస్తారు. పని సాగుతుండగా బురద పట్టి, పైన ఉన్న రోలర్ల మధ్య చైను ఎలా వేలాడుతుందో గట్టు మీద నిలబడి చూస్తే, మోడల్‌లో ఏది అబద్ధమో వెంటనే కనిపిస్తుంది. నిజమైన ట్యాంకులోనూ ఐడ్లర్ చక్రం, అంటే చైనును నడపకుండా బిగువుగా పట్టి ఉంచే కొస చక్రం, జరుగుతుంది. టీ-34లో అది ముందుంటుంది, నడిపే చక్రం వెనక. అందుకే కాగితం ఏమన్నా సరే, చైను చుట్టి చూసేదాకా ఐడ్లర్‌ను అతికించకండి. చైను పొట్టిదైతే వెనక్కి, పొడుగైతే ముందుకు తిప్పండి.

లింకుల లెక్క కూడా తప్పవచ్చు. టీ-34 చైనుకు ఒక్కో వైపు 72 లింకులు, చైను పక్కకు జారకుండా ఆపే కొమ్ము ఉన్నది ఒకటి, లేనిది ఒకటి చొప్పున. జర్మన్ టైగర్-1కు 96. మీ లెక్క దీనికి బాగా దూరంగా ఉంటే చక్రాలు తప్పు చోట ఉన్నాయని అర్థం. ఒకటి రెండు తేడాను మడ్‌గార్డు కింద దాచవచ్చు. టీ-34కు పైన రోలర్లు లేవు, చైను చక్రాల మీదే వాలుతుంది. రబ్బరులాంటి వినైల్ చైను అలా వాలదు. చక్రాల వెనక కనిపించని చోట హల్ పక్కగోడకు సన్నని రంధ్రాలు చేసి, చైను మీదుగా తీగముక్కలు గుచ్చి కిందికి అణచండి.

పాత కిట్లలోని వినైల్ చైనులను పెట్టెలో చక్రాలకు తగిలేలా ఉంచకండి. వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనం బయటికి ఊరి పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. మన వేడికి ఇంకా త్వరగా. విడిగా కవరులో పెట్టండి, చక్రాలకు రంగు వేశాకే చైను ఎక్కించండి.

అతుకు చుట్టూ తెల్లటి బూజులా వస్తుంది

సూపర్ గ్లూ ఆవిరి తేమతో కలిసి పేరుకున్నది. వానాకాలంలో ఇది తప్పదు. చుక్క తగ్గించి, ఫ్యాను గాలి ఆ ఆవిరిని పక్కకు తోసేలా పెట్టుకోండి. రంగు వేసే భాగమైతే పైన రంగుతో మాయమవుతుంది. థిన్నరుతో కలిపే లాకర్ రంగు కూడా వర్షం రోజున పాలిపోతుంది, కాబట్టి ఆ రోజు కుంచె ముట్టకండి.

కాగితం చెప్పింది అర్థం కాదు, అర్థమైనా తప్పు

బాణం ఎక్కడికి వెళుతుందో తెలియదు. అంకె ఒకటి, బొమ్మలో ముక్క ఇంకొకటి. పదిహేనో మెట్టులో, ఎప్పుడో మూసేసిన హల్‌కు లోపలి నుంచి రంధ్రం చేయమంటుంది. ఒకే కిట్ నుంచి రెండు మూడు రకాల ట్యాంకులు చేసుకోనిచ్చే పెట్టెల్లో ఈ గందరగోళం ఎక్కువ, ఎందుకంటే పాత బొమ్మల మీదే కొత్త ముక్కల అంకెలు దిద్దుతారు.

ఒక సాయంత్రం జిగురు తెరవకుండా కాగితంతోనే గడపండి. జిరాక్సు దుకాణంలో రెట్టింపు సైజులో తీయించి, చివరి మెట్టు నుంచి మొదటికి చదవండి. రంధ్రాలు చేయమన్న ప్రతి చోటా ఎర్ర పెన్నుతో చుట్టి, వాటన్నిటినీ మొదటి మెట్టు పైన రాసుకోండి. కాగితం మొదట్లో ఉండే స్ప్రూ పటంలో నీడ వేసిన ముక్కలు ఈ కిట్‌కు వాడనివి. వాటిని ముందే కొట్టేస్తే సగం అనుమానాలు పోతాయి. తరువాత ఒకే ఆకారంలో ఉన్న కుడి, ఎడమ ముక్కలను వెతికి, స్ప్రూ మీద ఉండగానే పెన్సిలుతో గుర్తు పెట్టండి. అమెరికన్ షెర్మన్ ట్యాంకు తరువాతి రకం బోగీల్లో (రెండేసి చక్రాలను పట్టే చట్రాల్లో) పైనున్న చిన్న రోలర్ వెనక వైపుకు ఉండాలి. కుడి ఎడమలు మారితే అది ముందుకు తిరిగిపోతుంది. టైగర్ చక్రాలు ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి కనుక, లోపలి వరసను ముందు ఎక్కించకపోతే బయటి వరసను మొత్తం ఊడదీయాలి.

కాగితానికీ ఫొటోకూ పేచీ వస్తే ఫొటోనే నమ్మండి. మహారాష్ట్ర అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని ట్యాంకుల మ్యూజియంలో తీసిన ఫొటోలు వెతికితే దొరుకుతాయి. మన సైన్యం 1971లో వాడిన టీ-55 కడుతుంటే మొదటి, రెండో చక్రాల మధ్య వెడల్పైన ఖాళీ ఉండాలి. మీ మోడల్‌లో ఆ ఖాళీలు వెనక మూడు చక్రాల మధ్య వచ్చాయంటే, మీ చేతిలో ఉన్నది టీ-62 హల్.