పడవ బొమ్మతో రెట్రో: బరంపురం, గోపాల్‌పూర్ వైపు టీములకు

రెట్రో అంటే ఒక విడత పని అయ్యాక, అది ఎలా సాగిందో టీమంతా కూర్చుని చూసుకునే సమావేశం. ప్రతి రెట్రోలోనూ "ఏం బాగుంది, ఏం బాగోలేదు" అనే అడుగుతూ పోతే, కొన్నాళ్లకు "అంతా బాగానే ఉంది సార్" తప్ప ఇంకో జవాబు రాదు. అడిగే తీరు మార్చడానికే థీమ్, అంటే ప్రశ్నలన్నిటినీ ఒక బొమ్మ చుట్టూ అల్లడం. బొమ్మలో ఒక్కో భాగం ఒక్కో కొత్త ప్రశ్న అడగాలి. ఏ ప్రశ్నా అడగని భాగాన్ని, ఎంత అందంగా ఉన్నా సరే, గీయకండి.

ఈ తీరంలో పడవ బాగా నప్పుతుంది. టీములో తెలుగువాళ్లున్నా, ఒడియావాళ్లున్నా సముద్రం అందరికీ తెలిసినదే. అయితే మామూలు పడవ రెట్రోలో లంగరును పనిని వెనక్కి లాగేదానికి గుర్తుగా పెడతారు. వేట ఎరిగిన ఇళ్లలో లంగరంటే పడవను నిలబెట్టేది. సగం మంది దాని కింద మంచివి, సగం మంది చెడ్డవి రాస్తారు, వాటిని విడదీయడానికే టైమంతా పోతుంది. అందుకని ఈ ఐదు భాగాలు వాడండి:

- రేవు: స్ప్రింట్ (ఒక విడత పని) లక్ష్యం. మీరే ముందుగా ఒక్క వాక్యంలో రాసి ఉంచండి.
- గాలి: పనిని ముందుకు తోసినవి.
- చిక్కుపడ్డ వల: పనిని ఆపినవి, రెండోసారి చేయించినవి.
- లంగరు: బాగా నడుస్తున్నవి, కదిలించకూడనివి.
- తుఫాను: ఇంకా రాలేదు కానీ వచ్చేలా ఉన్నవి.

చాలా టీములు తుఫాను గడిని ఖాళీగా వదిలేస్తాయి. అన్నిటికన్నా విలువైనది అదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హెచ్చరిక ముందే అంది, లక్షల మందిని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. ఆ సంగతి గుర్తుచేసి, "మనకు హెచ్చరిక ఇప్పటికే అందిన తుఫాను ఏది?" అని అడగండి. డెలివరీ సరిగ్గా ఒడియావాళ్ల రజ పండగ వారంలో పడటం, ఒక మాడ్యూలు ఒక్కరికే తెలిసి ఉండటం లాంటివి అప్పుడే బయటికొస్తాయి.

ఏడుగురి టీముకు రెండు పెద్ద చార్టులు, తలా ఎనిమిది స్టికీ నోట్లు, తలా ఒక స్కెచ్ పెన్ను చాలు. బాల్ పెన్నుతో రాస్తే గోడ మీద ఎవరికీ కనబడదు. నెల రోజుల స్ప్రింటుకు స్క్రమ్ (ఇలా విడతలుగా పనిచేసే పద్ధతి) గైడు రెట్రోకిచ్చే గరిష్ఠ సమయం 3 గంటలు. రెండు వారాల పనికి గంట సరిపోతుంది.

మొదటి 5 నిమిషాల్లో పోయినసారి తీసుకున్న నిర్ణయం ఏమైందో చెప్పండి. ఇది వదిలేస్తే ఈసారి రాసేవి కూడా గాలికిపోతాయని అందరికీ అర్థమైపోతుంది. తర్వాత, రెట్రోల మీద పుస్తకం రాసిన నార్మన్ కెర్త్ 2001లో చెప్పిన నియమాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ చదవండి: అప్పటికి తెలిసినదాన్ని బట్టి, ఉన్న వనరులతో, ప్రతి ఒక్కరూ చేతనైనంత బాగా చేశారని నమ్ముదాం.

10 నిమిషాలు అందరూ మాట్లాడకుండా రాయాలి. నోటుకు ఒకే విషయం, మనిషి పేరు లేకుండా, జరిగినది జరిగినట్టు. "టెస్టింగ్ సరిగా లేదు" అంటే దాని మీద ఏమీ చెయ్యలేం. "టెస్ట్ సర్వరు రెండు రోజులు పనిచెయ్యలేదు" అంటే పట్టుకోవచ్చు. ఎవరికి వచ్చిన లిపిలో వాళ్లు రాయొచ్చు, చదివి చెప్పే బాధ్యత రాసినవాళ్లదే. మేనేజరు గారి నోట్లు చివరికి రావాలి. ఆయనవి ముందు వస్తే మిగతావాళ్లు వాటికి వంత పాడతారు.

చదివి, ఒకే రకంవి పక్కపక్కన అంటించడానికి 15 నిమిషాలు. తలా మూడు చుక్కలతో ఓటింగుకు 5. ఎక్కువ చుక్కలు పడ్డ ఒకటి రెండు విషయాల మీదే 20 నిమిషాల చర్చ. ఇక్కడ కారణం దాకా వెళ్లాలి: సర్వరు ఎందుకు ఆగింది, ఆగినట్టు ఎవరికి ఎప్పుడు తెలిసింది, అంత ఆలస్యంగా ఎందుకు తెలిసింది. చివరి 5 నిమిషాల్లో నిర్ణయం, ఒక్క మనిషి పేరు, తేదీ రాయండి. "అందరూ చూసుకుంటారు" అని రాస్తే ఎవరూ చూడరు.

పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో ఫోనులో చేరేవాళ్లు ఒక్కరున్నా అందరూ ఆన్‌లైన్ బోర్డు మీదే రాయండి. గదిలో చార్టు పెట్టి వాళ్లకు కెమెరా తిప్పి చూపిస్తే, వాళ్లు ఓటు వేసేసరికి చర్చ మొదలైపోయి ఉంటుంది.

పడవను వరుసగా మూడుసార్లకు మించి వాడకండి. తర్వాత కొరాపుట్ కొండల రైలు ప్రయాణం వాడి చూడండి: ఎక్కుడు దారి అంటే కష్టపడి దాటినవి, సిగ్నల్ అంటే ఇంకెవరి జవాబు కోసమో ఆగినవి, సొరంగం అంటే ఏం జరుగుతోందో ఎవరికీ కనబడని పనులు.