బార్సిలోనా తరహా ఎలక్ట్రానిక్ పాప్ పాట ఇంట్లోనే చేసుకోవడం ఎలా

డోరియన్ 2004లో బార్సిలోనాలో మొదలైన బ్యాండ్. కింద ఆగకుండా కొట్టే క్లబ్ కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), పైన గుండె బరువెక్కించే మెలడీ, ఇదీ వాళ్ల తీరు. అదే ఊళ్లో గియే మిల్కీవే నడిపే లా కాసా అసుల్ అనే బ్యాండ్‌లో సంగీతం ఇంకా కాంతిగా ఉంటుంది, దిగులంతా మాటల్లో ఉంటుంది. రెండు చోట్లా పట్టు ఒకటే: తాళం పరుగెత్తాలి, కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) నెమ్మదిగా మారాలి, గొంతు చెవి పక్కనే వినపడాలి. ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైక్, ఏదైనా సాఫ్ట్‌వేర్ సింథ్ (శబ్దాల్ని పుట్టించే ప్రోగ్రాం) ఉంటే మొదలుపెట్టొచ్చు.

టెంపో నిమిషానికి 124 బీట్లు పెట్టండి. కిక్ ప్రతి బీట్‌కీ, క్లాప్ 2, 4 బీట్ల మీద, హైహ్యాట్ బీట్ల మధ్యలో. కార్డులు ఎఫ్, సి, జి, ఏ మైనర్. ఒక్కోటి రెండు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్లు) ఉండనివ్వండి. చుట్టు తిరిగి రావడానికి పదిహేను సెకన్లు దాటుతుంది. ఈ నిదానమే పాటకి బరువునిస్తుంది. బార్‌కొకటి చొప్పున మారిస్తే మెలడీకి నిలబడే చోటుండదు.

ఇక్కడ ఒక చిన్న పని తప్పక చేయండి. పై స్థాయిలో ఒక్క సి స్వరాన్ని ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తని సింథ్ శబ్దం) మీద ఎనిమిది బార్లూ కదపకుండా పట్టి ఉంచండి. అది ఎఫ్ కార్డులో పంచమం, సి కార్డులో షడ్జమం, జి దగ్గరికొచ్చేసరికి ఆ కార్డులో ఇమడని స్వరం, ఏ మైనర్‌లో మళ్లీ కుదిరే మైనర్ గాంధారం. స్వరం మారలేదు, కిందున్న నేల మారింది. జి దగ్గర కలిగే ఆ కొద్దిపాటి వెలితిని సరిచేయకండి, పాటలోని నొప్పి అక్కడే ఉంది.

ప్యాడ్‌కి రెండు సా వేవ్‌లు (రంపపు పళ్ల ఆకారపు తరంగాలు), మధ్య 8 సెంట్ల తేడా (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు), అటాక్ (శబ్దం పూర్తిగా లేవడానికి పట్టే సమయం) 300 మిల్లీసెకన్లు, 200 హెర్ట్జ్ కింద కోత. బేస్ మోనోలోనే (ఎడమ, కుడి తేడా లేకుండా) ఉంచండి. ఎఫ్ స్వరం మరీ కిందికి, 44 హెర్ట్జ్ దగ్గరికి దిగితే ఫోన్ స్పీకర్లో అసలు వినపడదు. ఆక్టేవ్ పైకి జరపండి, లేదా కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేసే ఎఫెక్ట్) కలపండి.

ఇక సైడ్‌చెయిన్. కిక్ పడ్డప్పుడల్లా ప్యాడ్ తగ్గి మళ్లీ లేవాలి. కంప్రెసర్‌ని (శబ్దం పెద్దదైనప్పుడు తగ్గించే సాధనం) ప్యాడ్ మీద పెట్టి, దాని సైడ్‌చెయిన్ ఇన్‌పుట్‌గా కిక్‌ని ఎంచుకోండి. రేషియో (ఎంత గట్టిగా తగ్గించాలో) 4:1, అటాక్ (ఎంత త్వరగా తగ్గాలో) 1 మిల్లీసెకను, రిలీజ్ (మళ్లీ లేవడానికి పట్టే సమయం) 180. ప్యాడ్ మీద 5–6 డెసిబెల్స్, బేస్ మీద 3–4 తగ్గితే చాలు. గొంతు మీద అసలు వద్దు. ఈ టెంపోలో బీట్‌కీ బీట్‌కీ మధ్య 484 మిల్లీసెకన్లే ఉంటుంది. రిలీజ్ 400 దాటితే ప్యాడ్ పూర్తిగా లేవకముందే తర్వాతి కిక్ వచ్చి పడుతుంది, మిక్స్ మొత్తం నీరసంగా వినిపిస్తుంది. మరీ తక్కువైతే కిక్ తోక ఇంకా మోగుతుండగానే బేస్ లేచి రెండూ కలగాపులగమవుతాయి. కిక్ ఆపేసే చోట కూడా ఈ ఊపు కావాలంటే కిక్ ట్రాక్‌కి ఒక నకలు చేసి, దాన్ని మాస్టర్‌కి పంపకుండా సైడ్‌చెయిన్‌కి మాత్రమే ఇవ్వండి. కిక్ వినపడదు, ప్యాడ్ మాత్రం తాళంలో ఊగుతూనే ఉంటుంది.

గొంతుని మైక్‌కి జానెడు దూరంలో, మెల్లగా పాడించి రికార్డు చేయండి. పీక్‌లు -10 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. 90 హెర్ట్జ్ కింద కోసేసి, 3:1 కంప్రెషన్ పెట్టండి. పొడవాటి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పోస్తే గొంతు వెనక్కి వెళ్లిపోతుంది. చాలామంది పాట పాడయ్యేది ఇక్కడే. 1.2 సెకన్ల ప్లేట్ రివర్బ్, 30 మిల్లీసెకన్ల ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) చాలు. దానికి తోడు డాటెడ్ ఎయిత్ డిలే (ముప్పావు బీట్ తర్వాత మళ్లీ వినిపించే ప్రతిధ్వని), అంటే 363 మిల్లీసెకన్లు, 4 కిలోహెర్ట్జ్ పైన కోసి. డబుల్ ట్రాకులు (అదే భాగాన్ని రెండోసారి పాడి రికార్డు చేసినవి) పల్లవిలోనే కలపండి.

తెలుగులో రాసేవాళ్లకి ఒక మాట. స్పానిష్‌లో అచ్చు పొడవుని బట్టి అర్థం మారదు, గాయకులు ఏ అచ్చునైనా సాగదీయగలరు. మనకలా కుదరదు, ‘కల’ని సాగదీస్తే ‘కాల’ అయిపోతుంది. పొడవాటి స్వరాల కింద దీర్ఘాలున్న మాటలే వేయండి. పక్కపక్కన వచ్చే అచ్చుల్ని కలిపి పాడటం మాత్రం వాళ్లకీ ఉంది, మనకి సంధి రూపంలో ఎటూ అలవాటే.

మొత్తం 112 బార్లకి మించొద్దు, ఈ టెంపోలో మూడు నిమిషాల ముప్ఫై ఏడు సెకన్లు. చివరి పల్లవికి ముందు ఎనిమిది బార్లు డ్రమ్స్ తీసేసి ప్యాడ్, గొంతు మాత్రమే ఉంచండి.

స్టేజి మీద వాయించాలంటే నాలుగు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ తీసుకోండి. రెండు హాలుకి, ఒకటి డ్రమ్మర్ చెవిలో క్లిక్‌కి (టెంపో చెప్పే టిక్ శబ్దం), ఒకటి ఖాళీగా. రెండే ఉంటే ఎడమ క్లిక్‌కి, కుడి సంగీతానికి ఇచ్చి అంతా మోనోలో సర్దుకోవాలి. బయల్దేరేముందు మిక్స్‌ని మోనోలో వినండి. ప్యాడ్ ఒక్కసారిగా పల్చబడితే స్టీరియో వెడల్పు ఎక్కువైందన్నమాట, ప్యాడ్ మీద కోరస్ ఎఫెక్ట్ (శబ్దాన్ని వెడల్పు చేసేది) ఉంటే సగానికి తగ్గించండి.