జయపురం వస్తుంది, విశాఖ రాదు: పాత రేడియోలో ఆసిలేటర్ ఆగిపోతే

పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే పాత మీడియం వేవ్ సెట్లలో చాలావాటికి ఇదే జబ్బు. ముల్లు పైకొసలో ఉంటే ఒడిశాలోని జయపురం ఆకాశవాణి, 1467 కిలోహెర్ట్జ్, శుభ్రంగా పలుకుతుంది. కిందికి, విశాఖ 927 దగ్గరికి తెచ్చేసరికి బుస తప్ప మాట ఉండదు.

దయచేసి ఐఎఫ్ డబ్బాల (లోపల చిన్న కాయిల్స్ ఉండే లోహపు డబ్బాలు) మీది రంగు స్క్రూలు తిప్పకండి. జయపురం వస్తోందంటే అవి బాగున్నట్టే. తప్పు ఆసిలేటర్‌ది, అంటే రేడియో లోపలే సొంతంగా ఒక ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగానిది. అది ఎప్పుడూ స్టేషన్ కంటే 455 కిలోహెర్ట్జ్ పైన ఆడాలి, అంటే విశాఖకు 1382. స్టేషన్ సిగ్నల్, ఆసిలేటర్ సిగ్నల్ రెండూ మిక్సర్ అనే భాగంలో కలిస్తేనే వాటి తేడా 455, అంటే ఐఎఫ్, పుడుతుంది. ఆసిలేటర్ ఆగితే పుట్టదు.

ఆగిందో లేదో ఇలా చూడండి. బాగున్న రేడియోలో జయపురం పెట్టి, చెడిన సెట్‌ను పక్కనే ఉంచి 1012 చుట్టూ మెల్లిగా తిప్పండి. అక్కడ ఆసిలేటర్ 1012కు 455 కలిపి 1467 మీద, అంటే సరిగ్గా జయపురం మీద ఉండాలి కాబట్టి, అది ఆడుతుంటే మంచి రేడియోలో ఈల వస్తుంది. అక్కడ ఈల వచ్చినా, ఇంకా కిందికి వెళ్లాక ఆగిపోవచ్చు.

తర్వాత సెల్స్. రేడియో వేసి ఉండగానే వోల్టేజ్ కొలవండి. విడిగా కొలిస్తే నీరసించిన సెల్ కూడా నిండుగా చూపిస్తుంది. ఈ ఒక్క పని వదిలేసి నేరుగా ట్రాన్సిస్టర్ పీకేసినవాళ్లను ఎందరినో చూశాను.

సెల్స్ బాగుంటే గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చేటప్పుడు రేకులు తిరిగే కండెన్సర్) చూడండి. నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక సెట్‌కు ట్రాన్సిస్టర్ మార్చాను, ఆసిలేటర్ కాయిల్ మార్చాను, రెండు రోజులు పోయాయి. చివరికి గ్యాంగ్ ఇరుసును వేలితో పక్కకు నొక్కితే విశాఖ ఒక్కసారిగా పలికింది! తిరిగే రేకులకు ఎర్త్ ఇచ్చేది ఇరుసును ఒరుసుకునే చిన్న ఇత్తడి స్ప్రింగ్. దాని కింద గ్రీజు గట్టిపడి, చిలుము పడితే కాస్త రెసిస్టెన్స్ చేరుతుంది. పైకొసలో ఆసిలేటర్ దాన్ని తట్టుకుంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అంతే రెసిస్టెన్స్ ఎక్కువ దెబ్బ తీస్తుంది, ఆట ఆగిపోతుంది. మీటర్‌తో కొలిస్తే కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సన్న బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆ స్ప్రింగ్ కింద పెట్టి, ఇరుసును ఆ చివర నుంచి ఈ చివరకు పాతిక సార్లు తిప్పండి. నల్లటి మడ్డి దిగుతుంది. గుడ్డతో తుడిచి మళ్లీ తిప్పండి. రేకులను మాత్రం తాకకండి. కుట్టుమిషన్ నూనె వద్దు, దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. ప్లాస్టిక్ గ్యాంగ్ అయితే మార్చేయడమే.

కాయిల్ తెగడం, ప్యాడర్ (ఆసిలేటర్‌లోని చిన్న కండెన్సర్) చెడడం అరుదు. గ్యాంగ్ తుడవకముందే వాటి జోలికి పోకండి. తుడిచాక రాత్రిపూట హైదరాబాద్ 738 కూడా పట్టిందంటే, ఆసిలేటర్ అంత కిందికి వచ్చినా ఆగడం లేదన్నమాట.