ఇంట్లో కొంబుచా ఎలా చేయాలి? సీసా పేలకుండా, నోరు పులవకుండా

మందు తాగనివాళ్ల చేతిలో పార్టీల్లో పెట్టేవి రెండే. కూల్‌డ్రింక్, లేదంటే నీలం సిరప్ పోసి పైన పుదీనా ఆకు గుచ్చిన మాక్‌టెయిల్. రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది. పక్కన విస్కీ పట్టుకున్నాయన మాత్రం అదే గ్లాసుతో గంటసేపు కూర్చుంటాడు, ఎందుకంటే అది గటగటా దిగే సరుకు కాదు. సాయంత్రం చేతిలో ఉండే పానీయానికి కొంచెం పులుపు, కొంచెం వగరు, గొంతులో చిన్న చురుకు ఉండాలి. తీపి ఒక్కటే ఉంటే అది పిల్లల డ్రింకు. ఈ మూడూ ఉండి, మత్తెక్కించకుండా, ఇంట్లో చవగ్గా తయారయ్యేది కొంబుచా. నీరా కూడా మంచిదే. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ ఉంది, వెళ్లి తాగండి. కానీ చల్లగా ఉంచకపోతే కొన్ని గంటల్లోనే కల్లయిపోతుంది కాబట్టి ఇంటికి తెచ్చి దాచుకునే వీలు లేదు. ఆల్కహాల్ తీసేసిన జీరో బీర్ సంగతంటారా, బీరు వాసన మరచిపోదామనుకునేవాడికి అదే వాసన గ్లాసులో పోసివ్వడం నాకు నచ్చదు.

కొంబుచా అంటే తీపి టీని పులియబెట్టిన పానీయం. అందులో ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌ను, గ్యాస్‌ను వదులుతుంది. ఆ ఆల్కహాల్‌ను బ్యాక్టీరియా గాలి సాయంతో ఆమ్లాలుగా మారుస్తుంది. పులుపు అలా వస్తుంది. ఈ రెండు వాక్యాలు గుర్తుంటే చాలు, కింద చెప్పేవన్నీ మీకే తడతాయి. షుగరు తగ్గిస్తుంది, కాలేయాన్ని కడిగేస్తుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మకండి. కూల్‌డ్రింక్ కంటే తీపి తక్కువ, రుచి ఎక్కువ. తాగడానికి ఆ కారణం సరిపోతుంది.

ఎవరు తాగకూడదు?

దీన్ని వంటకంటే ముందే చెప్పాలి. కొంబుచాలో ఆల్కహాల్ సున్నా కాదు. మామూలుగా అర శాతం దగ్గర ఉంటుంది, ఇంట్లో చేసినది ఒక్కోసారి అది దాటుతుంది. 2010లో అమెరికాలో పెద్ద దుకాణాలు కొంబుచా సీసాలను అరల్లోంచి తీసేసింది ఇందుకే. సీసాలో మూతబడ్డాక కూడా అది పులుస్తూ, మద్యం కాని పానీయాలకు అక్కడ పెట్టిన 0.5 శాతం హద్దు దాటింది. కాబట్టి తాగుడు అలవాటు నుంచి బయటపడుతున్నవాళ్లు, అందుకోసం డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు దీని జోలికి రావద్దు. ఆ మాత్రలు కొద్దిపాటి ఆల్కహాల్‌తో కూడా గొడవ పెట్టుకుంటాయి. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు కూడా వద్దు. వీళ్లందరికీ అల్లం రసం, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నాలుగు మిరియాలు దంచి వేసిన సోడా ఇవ్వండి. చురుకుంటుంది, పులుపుంటుంది, ఆల్కహాల్ ఉండదు.

కావలసినవి

రెండు లీటర్లకు: టీ ఆకు రెండు టేబుల్ స్పూన్లు, పంచదార 150 గ్రాములు, నీళ్లు ఒకటిముప్పావు లీటరు, ఈ ఈస్టూ బ్యాక్టీరియా కలిసి ఉండే, స్కోబీ అనే మెత్తటి పొర ఒకటి, దాంతోపాటు బాగా పులిసిన పాత కొంబుచా పావు లీటరు. రెండున్నర లీటర్లు పట్టే వెడల్పు మూతి గాజు జాడీ. నూలు గుడ్డ, రబ్బరు బ్యాండు. అంతే.

స్కోబీ ఆన్‌లైన్లో దొరుకుతుంది, లేదా చేసేవాళ్లనెవరినైనా అడిగితే ఇస్తారు, అది ప్రతిసారీ కొత్త పొర కడుతుంది కాబట్టి వాళ్లకి కూడా బరువే. అందరూ ఆ పొరను చూసి మురిసిపోతారు గానీ అసలు పని చేసేది దాని వెంట వచ్చే పుల్లటి ద్రవం. పెరుగుకి తోడు ఎలాగో దీనికి అది అలాగ. పొర ఇచ్చి ద్రవం ఇవ్వకపోతే తీసుకోకండి.

టీ ఆకు విషయంలో ఒకటే నియమం: నీలగిరి లేదా అస్సాం ఆకు టీ, మసాలా లేనిది. ఏలకుల టీ, ఎర్ల్ గ్రే లాంటి సువాసన టీలు వద్దు, వాటిలోని నూనెలు పొరకు పడవు. టీ పొడి వేస్తే చేదెక్కుతుంది. గ్రీన్ టీతో కూడా అవుతుంది, కానీ నా లెక్కలో అది పేలవం. బెల్లం ఆరోగ్యమని బెల్లం వేస్తారు కొందరు. వద్దు. రంగు బురదలా మారుతుంది, రుచి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. పంచదారలో కొంత భాగాన్ని ఈస్టే తినేస్తుంది.

టీ కాచడం, జాడీలో పోయడం

అర లీటరు నీళ్లు మరిగించి దింపండి. టీ ఆకు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. వడకట్టి పంచదార కలపండి. మిగతా నీళ్లు, కాచి చల్లార్చినవో ఫిల్టర్‌వో, అందులో పోసేయండి. అంతా జాడీలోకి పోయండి. గోరువెచ్చగా కూడా ఉండకూడదు. చేత్తో జాడీ పట్టుకుంటే ఏమీ తెలియనంత చల్లబడ్డాకే పాత కొంబుచా పోసి, పైన స్కోబీ వేయండి. మునిగినా తేలినా పర్లేదు.

జాడీ మూతికి రెండు మడతలు వేసిన పాత పంచె ముక్క బిగించండి. గాలి వెళ్లాలి, ఈగలు వెళ్లకూడదు. పళ్ల మీద వాలే ఆ చిన్న ఈగలకి కొంబుచా వాసన పెళ్లి భోజనంతో సమానం, దోమతెర లాంటి పల్చటి గుడ్డలోంచి కూడా దూరిపోతాయి. ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉన్న చోట పెట్టి మరచిపోండి.

ఎన్ని రోజులు? డిసెంబరులో హైదరాబాద్‌లో పదిరోజులు దాటుతుంది. మేలో విజయవాడలో ఐదోరోజుకే రుచి చూడాలి. ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పే రెండు వారాలు చల్లటి దేశాల లెక్క, మన ఎండల్లో రెండు వారాలు ఉంచితే పచ్చడిలో పోసుకునే వెనిగర్ చేతికొస్తుంది. శుభ్రమైన స్ట్రా ఒకటి పొర పక్కనుంచి దించి రుచి చూడండి. తీపి కంటే పులుపు కొంచెం ముందు తెలియాలి. టీ రుచి దాదాపు పోవాలి.

కింద గోధుమరంగు దారాలు వేలాడితే అది ఈస్టు, మంచిదే. పైన తడిగా, తెల్లగా, గాజులా కొత్త పొర కట్టడం కూడా మంచిదే. పొర మీద పొడిగా, నూగుగా, గుండ్రటి మచ్చలు కనిపిస్తే, తెలుపో ఆకుపచ్చో నలుపో, అది బూజు. పైపైన తీసేసి కింది నీళ్లు వాడేసే తెలివితేటలు ఆవకాయ దగ్గర కూడా పనికిరావు, ఇక్కడ అసలే పనికిరావు. పొరతో సహా మొత్తం పారబోసి, జాడీ వేడినీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి. తోడు పావు లీటరుకు తగ్గకుండా పోస్తే టీ మొదటిరోజునుంచే పుల్లగా ఉండి బూజుకు చోటుండదు. బూజు వచ్చిందని నాకు ఫోన్ చేసినవాళ్లలో తోడు సరిగ్గా పోసినవాళ్లు చాలా అరుదు.

సీసాల్లోకి దించడం: ఇక్కడే జాగ్రత్త

ఇంతవరకూ తప్పు చేస్తే పోయేది టీ, పంచదార. ఇక్కడ తప్పు చేస్తే గాజు ముక్కలు గోడకి గుచ్చుకుంటాయి. బుడగలు రావాలంటే కొంబుచాను సీసాలో పోసి మూత బిగించి, కాలాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు రోజులు బయట ఉంచాలి. ఈస్టు వదిలే గ్యాస్‌కి దారి ఉండదు కాబట్టి అది ద్రవంలోనే కరుగుతుంది. దారి లేని గ్యాస్ ఎక్కువైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మొదటిది, సీసా. గ్యాస్ డ్రింకుల కోసమే చేసిన, మందపాటి, గుండ్రటి గాజు సీసాలే వాడండి. తీగ క్లిప్పుతో మూతపడేవి దొరుకుతాయి. వాటిలో కూడా చవకవి నూనె పోసుకోడానికి చేసినవి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. గ్యాస్ ఒత్తిడి తట్టుకుంటుందని అమ్మేవాడు రాసి ఉంటేనే కొనండి. పలకల సీసా ఎంత అందంగా ఉన్నా వద్దు, ఒత్తిడి మూలల దగ్గర చీలుస్తుంది. జామ్ సీసా, పచ్చడి జాడీ వద్దు. ఖాళీ విస్కీ, రమ్ము సీసాలు కడిగి వాడదామనుకుంటారు చాలామంది. మందు మానేసిన గుర్తుగా బాగుంటుందేమో గానీ, విస్కీలో గ్యాస్ ఉండదు, ఆ సీసాను ఒత్తిడి కోసం చేయరు. బీరు సీసా గట్టిదే, కానీ దాని మూత బిగించే యంత్రం ఇంట్లో ఉండదు.

రెండోది, తీపి. 750 మిల్లీలీటర్ల సీసాకి పళ్లరసం 50 మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు. ద్రాక్ష, దానిమ్మ, నేరేడు బాగుంటాయి. అల్లం ముక్కలు నాలుగు వేస్తే గొంతులో నేను చెప్పిన ఆ చురుకు వస్తుంది, నా దృష్టిలో అల్లం లేని కొంబుచా సగం కొంబుచా. మామిడి గుజ్జుతో మాత్రం ఆటలొద్దు. దానిలో తీపి ఎక్కువ, గుజ్జు సీసా మెడలో అడ్డుపడి మూత తీయగానే సగం పైకప్పుకు తగులుతుంది. ఒక చెంచా చాలు, అదీ వడకట్టి. ఇంకో మాట, జాడీలో ఉన్నప్పుడే తియ్యగా ఉన్న కొంబుచాను తొందరపడి సీసాలో పోయకండి. మిగిలిన చక్కెరంతా సీసాలో గ్యాస్ అవుతుంది. పులుపు వచ్చాకే దించాలి అనేది రుచి కోసం మాత్రమే కాదు.

మూడోది, ఖాళీ. సీసా మెడలో రెండు మూడు సెంటీమీటర్లు వదలండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. అదే బ్యాచ్‌లోంచి, అదే పాళ్లలో పళ్లరసం కలిపి, ఒక చిన్న ప్లాస్టిక్ సోడా సీసాలో కూడా పోసి మూత బిగించండి. గాజు సీసాల పక్కనే పెట్టండి. ఎండాకాలం పూటకోసారి, చలికాలం రోజుకోసారి ఆ ప్లాస్టిక్ సీసాను నొక్కి చూడండి. మొదట మెత్తగా ఉంటుంది. వేలితో నొక్కితే లొంగనంత గట్టిపడిన క్షణాన సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి. రేపు పొద్దున పెడదాంలే అనుకోవద్దు. మే నెలలో ఇది ఒక్కరోజులోనే కావచ్చు, జనవరిలో మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. తేదీ లెక్కపెట్టేవాళ్లకి సీసాలు పేలతాయి, ప్లాస్టిక్ సీసా నొక్కేవాళ్లకి పేలవు.

రోజూ మూత తీసి గ్యాస్ వదలమని చెప్తారు కొందరు. నాకు ఆ పద్ధతి నచ్చదు. కష్టపడి పట్టిన బుడగలు పోతాయి, ఎంత వదిలారో తెలియదు, వదిలాం కదా అని ధైర్యం మాత్రం పెరుగుతుంది. పైగా వెచ్చగా ఉన్న సీసా మూత తీయడమే అన్నిటికంటే ప్రమాదం.

బయట ఉన్నన్నాళ్లూ సీసాలను మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లోనో అట్టపెట్టెలోనో పెట్టి పైన మందపాటి తువ్వాలు కప్పండి. పిల్లలు తిరిగే చోట వద్దు. ఫ్రిజ్‌లో కనీసం ఒక రాత్రి ఉండాలి, చల్లదనంలోనే గ్యాస్ ద్రవంలో కుదురుకుంటుంది. తెరిచేటప్పుడు సింకు మీద, మూత మీద గుడ్డ వేసి, ముఖం పక్కకి తిప్పి, నెమ్మదిగా తీయండి.

మన ఇళ్లకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు. ఎండాకాలం కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగితే సీసాలు వేడెక్కి ఈస్టు మళ్లీ నిద్రలేస్తుంది. అప్పుడు తలుపు తీసి తీసి చూడకండి, సీసా తెరవకండి. కరెంటు వచ్చి పూర్తిగా చల్లబడ్డాకే ముట్టుకోండి. అలాగే ఫంక్షన్‌కి తీసుకెళ్తామని ఎండలో ఆగిన కారు డిక్కీలో, బస్సు లగేజీలో పెట్టకండి. ఐసు నింపిన థర్మాకోల్ పెట్టెలో అయితేనే తీసుకెళ్లండి.

ఫ్రిజ్‌లో కూడా పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది. రెండు వారాల్లో తాగేయండి. మూతబడిన సీసాలో గాలి ఉండదు కాబట్టి బ్యాక్టీరియా పని మందగిస్తుంది, ఈస్టు మాత్రం ఆల్కహాల్ చేస్తూనే ఉంటుంది. పాతబడేకొద్దీ మత్తు లేని పానీయం అన్న మాట కొంచెం కొంచెం అబద్ధమవుతుంది.

తాగేటప్పుడు

పెద్ద ఐసు ముక్క ఒకటి, పొట్టి గ్లాసు. స్ట్రా వద్దు. పల్లీలో, మిరపకాయ బజ్జీలో పక్కన ఉంటే వగరు ఇంకా బాగుంటుంది. మొదటిసారి తాగేవాళ్లు అరగ్లాసుతో మొదలుపెట్టాలి, ఖాళీ కడుపుతో ఎక్కువ తాగితే కొందరికి మంట పుడుతుంది. టీతో చేసింది కాబట్టి కెఫీన్ ఉంటుంది. టీ తాగితే నిద్ర పట్టనివాళ్లు రాత్రి పదింటికి మొదలుపెట్టకండి.

సీసాల్లో దించేటప్పుడే, పళ్లరసం కలపకముందు, పావు లీటరు కొంబుచా, స్కోబీ పక్కకి తీసి పెట్టుకోవాలి. తరువాతి బ్యాచ్‌కి అదే తోడు. ఊరు వెళ్లేట్టయితే ఆ రెండింటినీ చిన్న జాడీలో గుడ్డ కట్టి, కాస్త తీపి టీ పోసి బయటే ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బ్యాక్టీరియా నీరసించి వచ్చేసారి బూజు పడుతుంది. నెల దాటితే మరికాస్త తీపి టీ పోయమని పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి.