వానల్లో నిండు లోడుతో బయలుదేరే ముందు ఈ లెక్క చూడండి

వానలు మొదలయ్యేలోపు టైర్లు, బ్రేకులు, వైపర్లు చూపించుకోవాలని అందరికీ తెలుసు. గాడులు అరిగిన టైర్లు మార్చేయండి. నిండు లోడుకు గాలి ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, అంతే కొట్టించండి. ఇవన్నీ మెకానిక్ చేసి పెడతాడు. వేగం మాత్రం మన కాలి కిందే ఉంటుంది. నా టెన్షన్ అంతా దాని గురించే.

బండి ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే దాని గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, వస్తుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు. వేగం రెట్టింపైతే నాలుగింతలు. 1,000 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అంటే సెకనుకు 10 మీటర్లు, అందులో 50,000 జౌళ్ల శక్తి ఉంటుంది. 72కి చేరితే 2,00,000. బ్రేకు నొక్కాక ఆ శక్తి దాదాపుగా అంతా వేడిగా మారితేనే బండి ఆగుతుంది.

ఒకేలాంటి రెండు కార్లు పక్కపక్కనే వస్తున్నాయనుకోండి. ఒకటి 50లో, ఇంకొకటి 70లో. ముందు చెట్టు విరిగి పడి ఉంది. ఇద్దరూ ఒకే చోట, ఒకే బలంతో బ్రేకు వేశారు. 50లో ఉన్నది చెట్టుకు అంగుళం ఇవతల ఆగింది. మరి రెండోది? 20 ఎక్కువ కాబట్టి ఏ 20 వేగంతోనో తగులుతుందనుకుంటాం. కాదు. 70 వర్గం 4,900, 50 వర్గం 2,500. ఆ దూరంలో బ్రేకులు తీసేయగలిగింది 2,500 మాత్రమే. మిగిలిన 2,400కు వర్గమూలం దాదాపు 49. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండోది ఇంకా 49 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది! ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరితో ఈ లెక్క కాగితం మీద చేయించండి.

తడి రోడ్డు మీద టైరుకు పట్టు తగ్గుతుంది, ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. మామూలుగా 80లో వెళ్లే దారిలో 60కి దిగండి. వేగం పావు వంతే తగ్గినా శక్తి 44 శాతం దాకా తగ్గిపోతుంది. ముందు బండికి దూరం కూడా పెంచండి. 72లో ఉంటే మన కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు, ఆ ఒక్క సెకనులోనే, 20 మీటర్లు దాటిపోతాం.

లోడు సంగతికొస్తే, కంపెనీ చెప్పిన పరిమితి దాటకండి. బరువు పెరిగినకొద్దీ బ్రేకులు మింగాల్సిన వేడి పెరుగుతుంది. ఇది కొండ దారిలో తెలుస్తుంది. 100 మీటర్ల ఎత్తును కేవలం బ్రేకుల మీదే దిగితే, 72 వేగం నుంచి దాదాపు ఐదుసార్లు ఆపినంత వేడి పుడుతుంది. బాగా కాగిన బ్రేకులు పట్టవు. అందుకే దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి మార్చండి, న్యూట్రల్‌లో మాత్రం దిగకండి. కాలిన వాసన వస్తే భద్రమైన చోట పక్కకు ఆపి, బ్రేకులు చల్లారాకే కదలండి.

సామాను డిక్కీలో కిందికంటా సర్ది కట్టేయండి. వెనక అద్దం దగ్గర బరువైనవేవీ పెట్టొద్దు. బండి ఆగినా, కట్టని వస్తువు అదే వేగంతో ముందుకొస్తుంది.

పసిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అసలు వద్దు. 72 వేగంలో 10 కిలోల పాపలో 2,000 జౌళ్ల శక్తి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అర మీటరు దూరంలో ఆపాలంటే దాదాపు 400 కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. పాపకు తగిన చైల్డ్ సీటు బిగించి, వెనక కూర్చున్న పెద్దవాళ్లు కూడా బెల్టు పెట్టుకున్నాకే బండి తీయండి.